వివాల్డిలో వచ్చిన ముక్కే మళ్లీ మళ్లీ ఎందుకొస్తుంది? బరోక్ కన్చెర్టో తెలిసినవాళ్లు చెప్పండి

మల్లెతీగ
మా పాప ఐదేళ్లుగా వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది. ఇప్పుడు వివాల్డి ఎ మైనర్ కన్చెర్టో ఇచ్చారు, అంటే ఒక వాద్యానికి తోడుగా బృందం వాయించే 300 ఏళ్ల కిందటి బరోక్ కాలపు రచన, ఓపస్ 3 అనే సంపుటిలో ఆరోది. నేను చిన్నప్పుడు వర్ణాలదాకా నేర్చుకుని ఆపేశాను, కాబట్టి చెవి కాస్త ఉంది, కానీ ఇది మాత్రం నాకు పట్టుబడట్లేదు. రోజూ సాయంత్రం గంటసేపు ఇంట్లో ఇదే, మొదట్లో వచ్చిన ముక్కే తిరిగి తిరిగి వస్తుంది, మధ్యలో గబగబా పరుగులు, మళ్లీ అదే ముక్క. టీచర్ని అడిగితే "అది రిటోర్నెల్లో ఫామ్ మేడమ్" అని ఒక్క మాటనేసి తర్వాతి పిల్లాణ్ణి లోపలికి పిలిచారు. ఇంటికొచ్చి వెతికితే టుట్టి, సోలో, రిపియానో, కంటిన్యువో అని పదాలు దొరికాయి గానీ వినేటప్పుడు ఏది పట్టుకోవాలో ఎక్కడా లేదు. ఒకే ముక్క అన్నిసార్లు వాయించడంలో ఏముంది? పాప "అమ్మా, బోర్" అంటుంటే ఏం చెప్పాలో తెలీక అడుగుతున్నా.

పాతరికార్డు
నాకు ఫోర్ సీజన్స్ తప్ప ఏమీ తెలీదు. కుర్చీ లాక్కుని కూర్చున్నా, చెప్పండి ఎవరైనా.

శృతిబాక్సు
ఇందులో అంత కష్టమేం లేదండి. మనకి పల్లవి లేదూ? అనుపల్లవి పాడి మళ్లీ పల్లవి అందుకుంటాం, చరణం పాడి మళ్లీ పల్లవి. రిటోర్నెల్లో అన్నా అదే, ఇటాలియన్‌లో ఆ మాటకి చిన్నగా తిరిగి రావడం అని అర్థం. అందరూ కలిసి వాయించేది టుట్టి, అది పల్లవి. ఒక్కరే వాయించే సోలో చరణం. పాపకి అలా చెప్పండి, పట్టేస్తుంది.

లైప్‌జిగ్_తమ్ముడు
శృతిబాక్సు గారు చెప్పింది మొదటి మెట్టుగా బావుంది, కానీ అక్కడే ఆగితే మల్లెతీగ గారి బోర్ తీరదు, ఎందుకంటే పల్లవి మళ్లీ వచ్చినప్పుడు అదే శృతిలో అదే చోట వస్తుంది. ఇక్కడ రెండు తేడాలున్నాయి. ఒకటి, మొదటిసారి పూర్తిగా వచ్చిన రిటోర్నెల్లో తర్వాత చాలాసార్లు ముక్కలుగా వస్తుంది, తలో తోకో, ఏదో ఒక భాగం. రెండోది, అసలు సంగతి, మధ్యలో వచ్చేటప్పుడు చాలాసార్లు వేరే శృతిలో వస్తుంది.

అందరికీ తెలిసిన ఫోర్ సీజన్స్‌లోని స్ప్రింగ్ మొదటి భాగమే తీసుకుందాం. ఇ మేజర్‌లో మొదలవుతుంది. మొదటి లైను ఒకసారి గట్టిగా, అదే మెల్లగా. తర్వాత రెండో లైను గట్టిగా, మళ్లీ మెల్లగా. ఇదీ రిటోర్నెల్లో. ఆ తర్వాత పక్షులు, మూడు వయొలిన్లు ఒకదానికొకటి బదులిచ్చుకుంటాయి, కింద బేస్ ఉండదు, అందుకే నేల వదిలి గాల్లోకి లేచినట్టుంటుంది. వెంటనే రిటోర్నెల్లో, కానీ రెండో లైను మాత్రమే. తర్వాత వాగులు, గాలి. మళ్లీ రెండో లైను, ఈసారి బి మేజర్‌లో. తర్వాత ఉరుములు మెరుపులు, అప్పుడు అదే రెండో లైను సి షార్ప్ మైనర్‌లో వస్తుంది, ఇందాకటి సంతోషపు ముక్కే ముఖం చిన్నబుచ్చుకున్నట్టు. మళ్లీ పక్షులొచ్చి మెల్లమెల్లగా ఇంటిదారి పట్టిస్తాయి, చివరికి ఇ మేజర్.

నేను పాపలాంటి పిల్లలకి చెప్పేది ఇది: సోలో రైలు, రిటోర్నెల్లో స్టేషన్ బోర్డు. కాజీపేటలో అయినా ఖమ్మంలో అయినా అదే పసుపు బోర్డు, అవే నల్ల అక్షరాలు, కానీ ఊరు పేరు వేరు. బోర్డు ఒకేలా ఉంటుంది కాబట్టే ఊరు మారిందని మనకి తెలుస్తుంది. ఊరితో పాటు బోర్డు రంగు, ఆకారం కూడా మారిపోతే ఎక్కడున్నామో ఎలా పట్టుకుంటాం?

పాతరికార్డు
పసుపు బోర్డు బాగా చెప్పారు తమ్ముడూ. కిటికీ సీటు గుర్తొచ్చింది.

హన్మకొండ_పిలగాడు
అన్నా నాకు గీ శృతులు మేజర్లు తెల్వయ్, కని నువ్వు చెప్పినట్టు స్ప్రింగ్ పెట్టుకొని పెన్ను వట్టుకొని కూసున్న. నిజమే, మనం ఫోన్ల రింగుటోనుగ విన్న ఆ మొదటి లైను ఉందే, అది మళ్ల అట్లనే రానే రాలే! ఆఖర్లకు ఒక్కసారి జర మారి వచ్చినట్టు అనిపిచ్చింది గంతే. ఇన్నేండ్లు అదే మళ్ల మళ్ల వస్తదనుకున్న. నాదే భ్రమ.

లైప్‌జిగ్_తమ్ముడు
సరిగ్గా పట్టావ్. రెండో పక్షుల తర్వాత ఇ మేజర్‌లోకి తిరిగొచ్చేటప్పుడు మొదటి లైను పోలికతో ఒక ముక్క ఉంటుంది, అంతే. వచ్చేవన్నీ రెండో లైనువే.

శృతిబాక్సు
తమ్ముడు గారూ, శృతి మారుతుందన్న మాట ఒప్పుకుంటా, కానీ మనకి అది కొత్తేం కాదు. గ్రహభేదం ఉంది కదా. ఇ మేజర్ అంటే శంకరాభరణం. అందులో ధైవతాన్ని షడ్జంగా పెట్టుకుంటే నటభైరవి వస్తుంది, అదే మీరు చెప్పే సి షార్ప్ మైనర్. స్వరాలు అవే, ఆధారం మారింది. మరి తేడా ఎక్కడ?

నాలుగోతీగ
తేడా తంబూరాలో ఉందండి. నేను మద్రాసులో కర్నాటక వయొలిన్ ఇరవై ఏళ్లు వాయించి, తర్వాత వెస్టర్న్ గ్రూపులో చేరిన మనిషిని, రెండు పడవల్లోనూ కాలు పెట్టా. మన గ్రహభేదంలో తంబూరా తన షడ్జం తను మీటుతూనే ఉంటుంది, దాని మీద మనం కాసేపు ఇంకో రాగం ఛాయ చూపించి వెంటనే గూటికొచ్చేస్తాం, ఆ గారడీ అందమే అది. వివాల్డిలో అలా కాదు, తంబూరానే మళ్లీ శృతి చేసేసినట్టు. కింద చెల్లో, హార్ప్సికార్డ్ (పియానోకి ముందటి కీబోర్డు వాద్యం) అన్నీ కొత్త షడ్జానికి మారిపోతాయి. మొదటిసారి గ్రూపులో వాయించినప్పుడు నాకు కాళ్ల కింద నేల కదిలినట్టే అయింది, చాప లాగేశారనిపించింది.

ఇంకోటి, బి మేజర్‌కి వెళ్లడం ఉత్త గ్రహభేదం కాదు. శంకరాభరణంలో పంచమాన్ని షడ్జం చేస్తే వచ్చేది హరికాంభోజి. కానీ వివాల్డికి అక్కడ కూడా శంకరాభరణమే కావాలి, అందుకని ఒక్క స్వరం మారుస్తాడు. పాత షడ్జం నుంచి చూస్తే శుద్ధ మధ్యమం పోయి ప్రతి మధ్యమం వచ్చింది, అంటే దారిలో ఒక క్షణం కల్యాణి తగులుతుంది. వయొలిన్ పట్టుకుని ఆ ఒక్క స్వరం ఎక్కడ మారిందో వెతకండి, ఊరు దాటిన చోటు సరిగ్గా అదే.

శృతిబాక్సు
ఇది ఒప్పుకున్నా. ఆ ప్రతి మధ్యమం సంగతి ఇవాళ రాత్రే కూర్చుని వింటా. మైనర్‌లోకి వెళ్లినప్పుడు నిషాదం పైకెక్కి కీరవాణి కూడా తొంగిచూస్తుంది అనుకుంటా?

నాలుగోతీగ
చూస్తుందండి, ముఖ్యంగా ముగింపుకి వచ్చేటప్పుడు. షడ్జానికి చేరడానికి కాకలి నిషాదం కావాలి వాళ్లకి.

తందానతాన
మాది రాజమండ్రి దగ్గర, మా తాత బుర్రకథలో వంత. మీరంతా పల్లవి దగ్గర ఆగారు గానీ నాకు ఇది వింటే బుర్రకథే గుర్తొస్తుంది. కథకుడు ఒక్కడే కథ పరిగెత్తిస్తాడు, ఊపిరి తీసుకునే చోట ఇద్దరు వంతలు తందాన తాన అందుకుంటారు, గుమ్మెట్లు మోగుతాయి, మళ్లీ కథ. అందరూ కలిసిన చప్పుడు, ఒక్కడి గొంతు, మళ్లీ అందరి చప్పుడు. మీరు చెప్పే టుట్టి, సోలో ఇంతేగా?

లైప్‌జిగ్_తమ్ముడు
తందానతాన గారూ, చాలా దగ్గరికొచ్చారు. ఇంకో అడుగేస్తే కన్చెర్టో గ్రొస్సో వస్తుంది, అది సోలో కన్చెర్టో కంటే ముందుది. ఒక్క కథకుడి బదులు ముగ్గురు నలుగురి చిన్న గుంపు, దాన్ని కన్చెర్టీనో అంటారు. వెనక పెద్ద గుంపు రిపియానో. రోమ్‌లో కొరెల్లి రాసిన ఓపస్ 6 పన్నెండు కన్చెర్టోల్లో చిన్న గుంపంటే ఎప్పుడూ రెండు వయొలిన్లు, ఒక చెల్లో. ఆయన 1713లో పోయాడు, 1714లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయి. పుస్తకం అట్ట మీద ఏం రాసుందంటే చిన్న గుంపు తప్పనిసరి, పెద్ద గుంపు మీ ఇష్టం, ఉంటే ఎంతమందినైనా పెంచుకోవచ్చు అని. అంటే ముగ్గురు వాయించేవాళ్లు, కంటిన్యువోకి, అంటే కింద బేస్ పట్టుకుని తోడు వాయించడానికి, ఒకరు ఉంటే ఇంట్లో వాయించుకోవచ్చు, పండగరోజు గుడిలో యాభైమంది ఉంటే వాళ్లంతా కలవొచ్చు. సంగీతం ఒకటే.

కొరెల్లిలో మీరు పసుపు బోర్డు వెతక్కండి, దొరకదు. అక్కడ చిన్నచిన్న భాగాలు, నిదానం, వేగం, నిదానం, వేగం అని వరసగా వస్తాయి. మొదటి ఎనిమిది చర్చి తరహా, చివరి నాలుగు నాట్యాల పేర్లతో ఉన్న ఛాంబర్ తరహా. ఎనిమిదోది క్రిస్మస్ రాత్రికని రాసింది, దాని చివర పాస్టొరాలె, అంటే కాపరుల పాటలాంటి భాగం, ఒక్కసారి వినండి.

గుంటూరు_కీబోర్డు
ఆ పాస్టొరాలె మేం ప్రతి డిసెంబరులో చర్చిలో వాయిస్తాం!! కీబోర్డు మీద ఒక్కణ్ణే అన్ని భాగాలూ లాక్కొస్తా. కింద ఒకే స్వరం పట్టుకుని ఉంటుంది, గొర్రెల కాపరుల తిత్తి వాద్యం లాగా, మన శృతి లాగే.

మల్లెతీగ
బాప్‌రే, రెండ్రోజులు ఊరెళ్లి వచ్చేసరికి ఇన్ని! అన్నీ చదువుతున్నా, నెమ్మదిగా. ఒక చిన్న ప్రశ్న, కన్చెర్టో అన్న మాటకి అర్థం పోటీ అని ఒకచోట, కలిసి ఉండటం అని ఇంకోచోట చదివా. ఏది నిజం?

పాతరికార్డు
పోటీయే అయ్యుంటుంది, ఆ సోలో వినండి, అందర్నీ దాటుకుని పోతుంటాడు.

నాలుగోతీగ
రెండూ నిజమేనండి. లాటిన్‌లో ఆ క్రియకి వాదులాడటం అని, ఇటాలియన్‌లో ఒక మాట మీదకి రావడం అని అర్థం. ఒకే మాటలో రెండూ ఇమిడాయి. కానీ పాతరికార్డు గారితో నేను ఏకీభవించను. బరోక్ కాలంలో సోలో వాయించేవాడు టుట్టి వచ్చినప్పుడు చేతులు కట్టుకుని నిలబడడు, మొదటి వయొలిన్లతో కలిసి ఆ ముక్క తనూ వాయిస్తాడు. తర్వాత గుంపులోంచి ఒక అడుగు ముందుకేసినట్టు విడివడతాడు, పని కాగానే మళ్లీ గుంపులో కలిసిపోతాడు. 19వ శతాబ్దపు కన్చెర్టోలో హీరో ఎంట్రీ ఉంటుందే, అలాంటిది ఇక్కడ లేదు. మల్లెతీగ గారూ, పాప టుట్టి కూడా వాయిస్తోందా, లేక సోలో నుంచే మొదలుపెడుతోందా?

మల్లెతీగ
పుస్తకంలో రెండూ కలిపే ఉన్నాయి, ఆపకుండా మొత్తం వాయిస్తుంది. ఏది ఎక్కడ ముగుస్తుందో నాకే కాదు దానికీ తెలీదని ఇప్పుడనిపిస్తోంది.

నాలుగోతీగ
జబ్బు దొరికింది! ఒక్క వయొలిన్ మీద మొత్తం వాయిస్తే అందరూ, ఒక్కరు అన్న తేడానే మాయమైపోతుంది, ఇక మిగిలేది వచ్చిన ముక్కే రావడం. పెన్సిల్‌తో గీతలు గీయమనండి. మొదటి పన్నెండు బార్లు (నోట్సులో నిలువు గీతల మధ్య గడులు) టుట్టి, పదమూడో బారులో సోలో మొదలు. అక్కడ సోలో కూడా అదే ముక్కతో మొదలవుతుంది కాబట్టి మీకు ఇంకా గందరగోళం. టుట్టి అంతా తను విల్లు నిండుగా లాగి వాయించాలి, సోలో రాగానే తేలికచేసి సొంత మాటలా పలకాలి. కుదిరితే టుట్టి రికార్డింగ్ పెట్టి సోలో మాత్రం తనని వాయించమనండి, ఒక్కసారిగా వెనక అందరూ ఆగిపోయి తన వయొలిన్ ఒక్కటే మిగిలినప్పుడు తనకే తెలుస్తుంది.

గుంటూరు_కీబోర్డు
అందరూ అంటే అందరూ ఆగరు కదా నాలుగోతీగ గారూ. మా హార్ప్సికార్డ్ వాళ్ల సంగతి ఎవరూ మాట్లాడట్లేదు 🙂 సోలో కింద కంటిన్యువో ఉంటుంది. ఒక చెల్లో, ఒక హార్ప్సికార్డ్, ఒక్కోసారి థియోర్బో అనే పొడుగు మెడ వీణలాంటిది. మా చర్చి పాటల పుస్తకంలో పాట పైన సి, జి7, ఎ మైనర్ అని రాసి ఉంటుంది, చేతులు ఎలా వేయాలో మన ఇష్టం. బరోక్‌లో కూడా అంతే, కీబోర్డుకి బేస్ లైను ఒక్కటే రాసిచ్చి దాని కింద 6, 7 అని అంకెలు వేస్తారు. ఆ అంకెల్ని బట్టి కుడిచేయి అప్పటికప్పుడు నింపుకోవాలి. మా పాస్టర్ గారు శృతి మార్చమని సైగ చేస్తే నేను చేసే పనే 300 ఏళ్ల క్రితం వాళ్లూ చేశారని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, నిజం.

హాండెల్ అయితే లండన్‌లో తన ఆరటోరియోల (ఎక్కువగా బైబిల్ కథల మీద కట్టిన పెద్ద గాన రచనలు) భాగాల మధ్య ఆర్గన్ కన్చెర్టోలు తనే వాయించేవాడు. వాటి స్కోర్లలో కొన్నిచోట్ల స్వరాలే ఉండవు, ఇక్కడ ఆర్గన్ ఇష్టప్రకారం అని రాసి ఖాళీ. ఆయన ఆ రోజు ఏం వాయించాడో ఆయనకే తెలియాలి.

హన్మకొండ_పిలగాడు
అంటే మన కచేరీల లెక్కనే, రాసింది కొంత, అప్పటికప్పుడు కొంత. నేనైతె వెస్టర్న్ అంటే మొత్తం కాయితం మీదనే ఉంటదనుకున్న.

శృతిబాక్సు
నిదానంగా సాగే భాగాల్లో కూడా అలాగే అని విన్నా, కాగితం మీద పొడిపొడిగా నాలుగు స్వరాలుంటాయి, వాయించేవాళ్లు సంగతులు వేసుకుంటారని.

లైప్‌జిగ్_తమ్ముడు
అవును, సోలో వాయించేవాళ్లు అలంకారాలు చేర్చుకోవాలనే ఆశించేవాళ్లు. కీబోర్డు గారూ, మీవాళ్ల అసలు పండగ బ్రాండెన్‌బర్గ్ ఐదోది కదా, మీరే చెప్పండి.

గుంటూరు_కీబోర్డు
చెప్పకుండా ఉంటానా! జర్మన్ సంగీతకర్త బాఖ్ 1721 మార్చి 24న బ్రాండెన్‌బర్గ్ ప్రభువు క్రిస్టియన్ లూడ్విగ్‌కి ఆరు కన్చెర్టోలు అంకితమిచ్చాడు. ఆరింటికీ ఆరు వేర్వేరు గుంపులు. రెండోదాంట్లో ట్రంపెట్, రికార్డర్, ఓబో, వయొలిన్ నలుగురూ ముందు వరసలో. మూడోదాంట్లో మూడు వయొలిన్లు, మూడు వయోలాలు, మూడు చెల్లోలు, ముందు వరస వెనక వరస అన్నదే లేదు. ఆరోదాంట్లో అసలు వయొలిన్లే లేవు.

ఐదోది డి మేజర్. ఫ్లూటు, వయొలిన్, హార్ప్సికార్డ్ ముందు ముగ్గురు. మొదట మామూలుగానే ఉంటుంది, హార్ప్సికార్డ్ ఎప్పట్లాగే వెనక అంకెలు నింపుకుంటూ ఉంటుంది, మధ్యమధ్య చిన్నగా తలెత్తుతుంది. మెల్లగా పరుగులు పెరుగుతాయి. ఇంతలో ఫ్లూటు, వయొలిన్ ఒక్కో మాట తగ్గించుకుంటూ ఆగిపోతాయి, ఇక 65 బార్లు హార్ప్సికార్డ్ ఒక్కటే! అంతవరకూ వంటింట్లో ఉన్న మనిషి హాల్లోకొచ్చి కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టినట్టు, ఇల్లంతా నిశ్శబ్దం. ఆ 65 బార్లు అయ్యాక రిటోర్నెల్లో మొదట్లో వచ్చినట్టే పూర్తిగా వచ్చి ముగిసిపోతుంది. ఆ చివరిసారి అదే ముక్క విన్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది నాకు, ప్రతిసారీ. మల్లెతీగ గారి ప్రశ్నకి నా జవాబు ఇదే. ముక్క మారలేదు, మధ్యలో జరిగిందాన్ని బట్టి మనం మారాం.

పాతరికార్డు
వంటింట్లోంచి హాల్లోకి... ఇది మా అమ్మకి చదివి వినిపించా. నవ్వింది.

డల్లాస్_బాబాయ్
ఇంతసేపూ చూస్తున్నా. అందరూ వివాల్డిని నెత్తినెట్టుకుంటున్నారు గానీ నిజం చెప్పాలంటే ఆయన ఒకే కన్చెర్టోని ఐదొందలసార్లు రాశాడని పెద్దవాళ్లే అన్నారు. మల్లెతీగ గారి పాపకి బోర్ కొట్టడంలో తప్పులేదు. బాఖ్ వినిపించండి.

నాలుగోతీగ
బాబాయ్ గారూ, ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది. ఆ బాఖ్ ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? ఆయన ఇటలీ ఎప్పుడూ వెళ్లలేదు. జర్మనీలోని వైమార్‌లో కొలువులో ఉండగా అక్కడి చిన్న రాకుమారుడు యోహాన్ ఎర్న్‌స్ట్ 1713లో నెదర్లాండ్స్ చదువు ముగించుకుని ఇటాలియన్ సంగీతం పుస్తకాలు తెచ్చాడు. ఈ ఓపస్ 3, అంటే మన పాప వాయించేది ఉన్న పుస్తకమే, 1711లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. బాఖ్ అందులోవి తీసుకుని ఒక్కొక్క స్వరం ఆర్గన్‌కి, హార్ప్సికార్డ్‌కి దింపుకున్నాడు. ఎనిమిదోది ఆర్గన్ మీదకొచ్చింది. నాలుగు వయొలిన్ల పదోదాన్ని చాలా ఏళ్ల తర్వాత నాలుగు హార్ప్సికార్డులకి మార్చాడు. ఒకే ముక్క ఐదొందలసార్లు రాసినవాడి దగ్గర బాఖ్ అంత శ్రద్ధగా కూర్చుంటాడా?

ఇంకో సంగతి. వివాల్డి ఎవరికోసం రాశాడో చూడండి. వెనిస్‌లో పియెటా అనే అనాథాశ్రమం, 1703 నుంచి అక్కడ వయొలిన్ మాస్టారు. వాయించేవాళ్లంతా అక్కడ పెరిగిన ఆడపిల్లలు, పైన గ్యాలరీలో జాలీ వెనక కూర్చుని వాయించేవాళ్లు. చెల్లోకి రాశాడు, మాండొలిన్‌కి రాశాడు, బసూన్ ఒక్కదానికే ముప్పైకి పైగా రాశాడు. పైపైన చూస్తే చట్రం ఒకటే, నిజమే. రోజూ ఒకే అచ్చులో ఇడ్లీ వేసినా చేతి రుచి వేరుగా ఉంటుంది కదండీ. మా గ్రూపులో ఆయనవి పదిహేను వాయించి ఉంటా, ఒకదాని మధ్య భాగం ఇంకోదానిలా ఎప్పుడూ లేదు.

లైప్‌జిగ్_తమ్ముడు
నాలుగోతీగ గారికి వెయ్యి దండాలు. మూడు భాగాలు, వేగం నిదానం వేగం అన్న చట్రం టొరెల్లి, అల్బినోని లాంటివాళ్లు అప్పటికే పట్టాలెక్కించారు, దాన్ని నిలబెట్టింది వివాల్డి. ఇక మధ్య భాగం అన్నారు కాబట్టి స్ప్రింగ్ రెండో భాగం వినండి. కాపరి నిద్రపోతుంటాడు, అది సోలో. ఆకుల గలగల, అది మిగతా వయొలిన్లు. వయోలా మాత్రం రెండేసి స్వరాలు గట్టిగా, అది కుక్క! స్కోర్‌లో అరిచే కుక్క అని ఆయనే రాశాడు, ఎప్పుడూ చాలా గట్టిగా, పీకినట్టు వాయించమని కూడా. బేస్, హార్ప్సికార్డ్ రెండూ ఆ భాగంలో ఉండవు. నిద్రకి నేల అక్కర్లేదు అనుకున్నాడేమో.

హన్మకొండ_పిలగాడు
కుక్కను ఇన్న అన్నా! మా గల్లీ కుక్క సుత ఇదే తాళంల మొరుగుతది. పొద్దుగాల నుంచి మా ఇంట్ల అందరికి ఇనిపిస్తున్న.

డల్లాస్_బాబాయ్
సరే, వైమార్ సంగతి నాకు తెలీదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ బాఖ్‌లో ఏదో ఎక్కువ ఉందన్నది నా చెవికి తెలుస్తుంది. అదేంటో చెప్పండి మరి.

నాలుగోతీగ
అది నేనూ కాదనను. ఇ మేజర్ వయొలిన్ కన్చెర్టో పెట్టుకోండి. మొదటి మూడు స్వరాలు స గ ప, మూడు మేకులు కొట్టినట్టు. వివాల్డిలో టుట్టి వేరు, సోలో వేరు, మధ్యలో గోడ కనిపిస్తుంది. బాఖ్ ఆ గోడలో కిటికీలు పెట్టాడు. సోలో తన పాటికి తను పోతుంటే కింద ఉన్నట్టుండి ఆ స గ ప వినిపిస్తుంది, మెల్లగా, మర్చిపోలేదు సుమా అన్నట్టు. పైగా ఆ మొదటి భాగం చివర మొదలు మొత్తం మళ్లీ వచ్చేలా కట్టాడు, పాటలో పల్లవీ చరణం పాడి మళ్లీ పల్లవి మొత్తం పాడినట్టు. మూడో భాగంలో ఇంకా తేట, పదహారు బార్ల రిటోర్నెల్లో ఐదుసార్లు, ఒక్క స్వరం మారకుండా, ప్రతిసారీ ఇ మేజర్‌లోనే. శృతిబాక్సు గారూ, మీ పల్లవి పోలిక అచ్చంగా అతికేది అక్కడ. మధ్యలో నాలుగు సోలోలు, మొదటి మూడూ పదహారేసి బార్లు, చివరిది ముప్పై రెండు.

శృతిబాక్సు
హమ్మయ్య, నా పల్లవి ఎక్కడో ఒకచోట నిలబడింది. స గ ప విన్నానండి, నిజంగా వదిలిపెట్టడు.

లైప్‌జిగ్_తమ్ముడు
నేనుండే లైప్‌జిగ్‌లో కాథరీనెన్ వీధిలో జిమ్మర్‌మన్ కాఫీహౌస్ ఉండేది, బాఖ్ 1729 నుంచి విద్యార్థుల బృందంతో అక్కడ వాయించేవాడు. తన పాత కన్చెర్టోల్లో కొన్నిటిని హార్ప్సికార్డ్‌కి మార్చి వాయించింది ఆ రోజుల్లోనే. ఆ భవనం రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి పోయింది. ఆఫీసు నుంచి వస్తూ ఆ వీధిలో నడిచినప్పుడల్లా చేతిలో కాఫీ కప్పుంటే ఒక నిమిషం ఆగుతా.

మల్లెతీగ
అందరికీ ఏం చెప్పాలో తెలీట్లేదు. నిన్న ఆదివారం పాప, నేను కింద చాప పరుచుకుని నోట్సు ముందేసుకుని కూర్చున్నాం. టుట్టికి ఎర్ర పెన్సిల్, సోలోకి నీలం. పన్నెండో బారు దగ్గర గీత గీశాక అదే అడిగింది, అమ్మా ఇక్కణ్ణుంచి నేనొక్కదాన్నేనా అని. అవునన్నా. తర్వాత నేను సన్నగా స్వరం పాడుతూ పోయా, ఒకచోట నా షడ్జం కుదరలేదు, గొంతు దానంతటదే జారింది. ఏంటా అని చూస్తే ఇ మైనర్‌కి వెళ్లిపోయాం, బోర్డు అదే, ఊరు వేరు! ఇద్దరం ఒకేసారి అరిచాం. ఆయన టీ కప్పు పట్టుకుని వచ్చి ఏమైందని చూసి వెళ్లారు.

ఇప్పుడు కొత్త చిక్కు. నాలుగోతీగ గారు చెప్పినట్టు టుట్టికోసం ఒక మంచి రికార్డింగ్ పెట్టి, దానితో పాటు వాయించమంటే అస్సలు కలవట్లేదు. పాప వయొలిన్ ట్యూనర్‌తో సరిగ్గానే ఉంది. రికార్డింగే కాస్త కిందకి వినిపిస్తోంది. మా చెవి తప్పా?

నాలుగోతీగ
చెవి తప్పు కాదు, చెవి బాగుంది కాబట్టే తెలిసింది. అది బరోక్ వాద్యాలతో చేసిన రికార్డింగ్ అయ్యుంటుంది. ఇవాళ మనం ఎ స్వరాన్ని సెకనుకి 440 కంపనాల దగ్గర పెడతాం, ఆ బృందాలు ఎక్కువగా 415 దగ్గర పెట్టుకుంటాయి, అంటే దాదాపు ఒక అర స్వరం కిందకి. రెండు దారులు. 440 రికార్డింగ్ వెతకండి, లేదా వయొలినే దించండి. దించితే నాలుగు తీగలూ కొంచెం కొంచెంగా, ఒక్కదాన్నే గబుక్కున దించకండి, బ్రిడ్జి పక్కకి ఒరుగుతుంది.

గుంటూరు_కీబోర్డు
ఫోన్ ట్యూనర్ యాప్‌లో 440 అన్న అంకె నొక్కితే 415 పెట్టుకోవచ్చు అమ్మా.

మల్లెతీగ
దించాం. తీగలు కాస్త వదులయ్యాయి, గొంతు కొంచెం బొంగురుపోయినట్టుంది కానీ పాపకి అదే నచ్చింది. పదమూడో బారు దగ్గర రికార్డింగ్‌లో వెనకవాళ్లు తగ్గగానే విల్లు ఎత్తి నావైపు ఒక్కసారి చూసింది, తర్వాత మొదలుపెట్టింది.